మంట దగ్గర చదవని ఉత్తరాలు

జనవరి 11

నాన్నా,

బతికే ఉన్నాను. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నువ్వు చెప్పిన జాగ్రత్తల్లో సగం ఇక్కడ పనికిరావు, మిగతా సగం నేను మర్చిపోయాను. బస్సు దింపిన చోటు నుంచి కొండబడి దాకా నడకే. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మాస్టారు (అందరూ కొండ మాస్టారు అంటారు) నా సంచి చూసి, "ఇందులో సగం నువ్వు మోయక్కర్లేని బరువమ్మా" అన్నారు. రెండో మలుపు దగ్గర నా భుజాలు ఆ మాట ఒప్పేసుకున్నాయి.

ఎనిమిది మంచాల చెక్క గది మాది. మధ్యలో ఒక పొయ్యి ఉంది, దానికి కట్టెలు మేమే కొట్టుకోవాలి. పొద్దున మేకల పని, తోట పని. మధ్యాహ్నం పాఠాలు. సాయంత్రం తాడు కట్టుకుని రాళ్లెక్కడం. స్నానానికి మనిషికి ఒక బకెట్టు. మరుగుదొడ్లో నీళ్లు ఉండవు, పని అయ్యాక గుప్పెడు రంపపు పొట్టు చల్లి రావాలి. అదంతా ఏడాదికి ఎరువవుతుందట. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. ఈ భూమి మీద మనం ఎంత బరువు మోపుతున్నామో అయిదు నెలల్లో ఒంటికి తెలియాలని ఇక్కడి చదువు.

ఇంకో వింత. వచ్చిన రోజే ఫోన్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేశారు. వారానికి ఇంటికి ఒక ఉత్తరం, ఇంటి నుంచి ఒక ఉత్తరం, అంతే. పాలబండి బుధవారం పట్టుకెళ్తుంది, ఆదివారం తెస్తుంది. ఆదివారం సాయంత్రం అందరం మంట చుట్టూ కూర్చుని, ఎవరి ఉత్తరం వాళ్లు అక్కడే విప్పి, పైకి చదవాలి. ముందే చాటుగా చూసుకోవడం కుదరదు. మా మధ్య దాపరికం ఉండకూడదని ఆ పద్ధతి. చదవడం ఇష్టం లేనివాళ్లు ఉత్తరాన్ని విప్పకుండానే ఒక చెక్కపెట్టెలో వేసేయాలి. వెళ్లిపోయే ముందు వారం తిరిగి ఇస్తారు. మొదటి ఆదివారమే ఒకమ్మాయి వాళ్లమ్మ రాసినదాన్ని పెట్టెలో పడేసింది. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాన్ని అలా ఎలా వదిలేయగలిగిందో! నాకు చాలా జాలేసింది.

మామయ్యకు చెప్పు, నా జడ నేనే వేసుకుంటున్నాను. ఒక్కసారి కూడా వంకర రాలేదు.

నీ కూతురు

జనవరి 19

అమ్మడూ,

నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని ముందు మీ మామయ్యే చదివాడు. తర్వాత నాకిచ్చాడు. రంపపు పొట్టు దగ్గర ఇద్దరం ఆగిపోయి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. ఇన్నేళ్లు నీ స్నానాల గది తలుపు బాది బాది నా పిడికిలి అరిగింది. నిన్ను ఒక్క బకెట్టుతో బయటికి రప్పించిన ఆ మాస్టారికి నా తరఫున దండం పెట్టు.

ఇల్లు ఎలా ఉందని అడగలేదు నువ్వు. నేనే చెప్తున్నా. వంట వంతులవారీగా చేస్తున్నాం. వాడి వంతు రోజు నేను ఆకలి లేదంటాను, నా వంతు రోజు వాడికి ఆకలుండదు. నీ గది తలుపు వాడు రోజూ పొద్దున తీసి, సాయంత్రం వేస్తున్నాడు. గాలి ఆడాలిగా అంటాడు. మీ అమ్మ పోయినప్పుడు రెండు రోజులుండి వెళ్తానని వచ్చిన మనిషి. చెల్లెలి కూతురికి జడ వేయడం వస్తే చాలు వెళ్లిపోతానన్నాడు. అది వాడికి ఇప్పటికీ రాలేదు, వెళ్లనూ లేదు.

ఫ్యాక్టరీ మాత్రం కిటకిటలాడుతోంది. మార్కెట్ వాళ్లు మరీ పల్చటి కవర్లు అడిగారు. మెషీన్ ప్లాస్టిక్‌ని గొట్టంలా ఊది పైకి లేపుతుంటే అవతలి గోడ మీది క్యాలెండర్ అంకెలు కనిపిస్తున్నాయి. "ఇది కవరా బావా, దోమ రెక్కా?" అన్నాడు మీ మామయ్య. రెండు షిఫ్టులు నడుపుతున్నాం. ఈ ఊపు ఇలాగే ఉంటే మూడో మెషీన్ కూడా పెట్టొచ్చు.

కింద కాస్త చోటు వదలమని నస పెడుతున్నాడు. వదులుతున్నా.

నాన్న

మేనేజరు గారికి, రెండో నంబరు మెషీన్ ఆపరేటరు వినయంగా రాయునది ఏమనగా, ఏడేళ్ల వయసులో మీరు మీ నాన్న కుర్చీ ఎక్కి నన్ను పనిలోంచి తీసేశారు. ఇంతవరకూ తిరిగి తీసుకోలేదు. అయినా జీతం లేకుండా చేస్తూనే ఉన్నాను. త్వరగా వచ్చి ఈ కేసు తేల్చగలరు. – మామయ్య

జనవరి 28

నాన్నా,

పోయిన శుక్రవారం మా మేకల్లో ఒకటి చచ్చిపోయింది. నాలుగు రోజులు మేత ముట్టలేదు, పొట్ట మాత్రం ఉబ్బిపోయి ఉంది. ఎందుకు పోయిందో అందరికీ తెలియాలని కొండ మాస్టారు మా ముందే పొట్ట కోశారు. లోపల పిల్లాడి తలంత ముద్ద. కడిగి విప్పితే అన్నీ కవర్లు. ఆరబెట్టి మా చేతులకిచ్చారు. నా చేతికొచ్చినదాన్ని రెండు వేళ్ల మధ్య నలపగానే అది ఎంత పల్చనో, ఎలాంటి మెషీన్ మీద ఊదారో నాకు తెలిసిపోయింది. అది మనది కాదు, మన అచ్చు లేదు. మనది కాదని తెలిసినా నాకేమీ తేలిక కాలేదు.

రెండు రోజులకు ఆదివారం వచ్చింది. నీ ఉత్తరం విప్పాను. తలుపు బాదడం దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. ఇక కవర్ల సంగతి వచ్చింది. నా కన్ను ముందు దాని మీద పడింది కాబట్టి బతికిపోయాను. "మార్కెట్ వాళ్లు గుడ్డ సంచులు అడిగారు, రెండు షిఫ్టులు కుడుతున్నాం" అని చదివేశాను. అందరూ చప్పట్లు కొట్టారు నాన్నా. కొండ మాస్టారు లేచి నా తల నిమిరారు. ఇప్పుడు నేను ఇక్కడ గుడ్డ సంచులాయన కూతుర్ని.

నాకు సిగ్గుగా ఉంది. ఎవరి గురించి సిగ్గో తెలియడం లేదు. దయచేసి ఇక మీదట పని గురించి రాయకు. ఇంకేమైనా రాయి. మామయ్యకు కూడా చెప్పు.

నీ కూతురు

ఫిబ్రవరి 5

అమ్మడూ,

గుడ్డ సంచుల ఫ్యాక్టరీ యజమాని రాస్తున్నాడు.

నువ్వు చెప్పిన మేక సంగతి చదివాక నాకు రాత్రి తిండి సయించలేదు. ముందు ఆ మాట చెప్పి, తర్వాత దెబ్బలాడతా. నీ వాన కోటు, నువ్వు దూరి పడుకునే సంచి, రాళ్లెక్కేటప్పుడు నడుముకు కట్టే తాడు, వీటిలో ఏది చెట్టుకు కాసిందో మీ మాస్టారిని అడుగు. నేను ఊదేది నీకు కంపు కొట్టినా, నువ్వు కూర్చున్న ఆ మంట దాకా నిన్ను తీసుకెళ్లింది అదే. ఇది కోపంతో రాయడం లేదు. లేదు, కొంచెం కోపంతోనే రాస్తున్నాను. నీ దగ్గర అబద్ధం ఎందుకు.

పని గురించి రాయొద్దంటే ఏం రాయాలో కూడా చెప్పి పుణ్యం కట్టుకో. పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడికి పని కాక ఇంకేముంటుంది? సరే, నీ మాటే. ఎండ బాగా కాస్తోంది. ఎదురింటి వాళ్ల గేటు కిర్రుమంటోంది. మీ మామయ్య జలుబు తగ్గింది. చాలా?

నీ సిగ్గు నీ ఒక్కదానిదే అనుకోకు. ఏదో ఒకరోజు కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు వచ్చాక.

నాన్న

మేనేజరు గారూ, నేను ప్రస్తుతం గాలి ఊదే కంపెనీలో ఉన్నాను. గాలి చుట్టూ ఏముంటుందో చెప్పకూడదని పై అధికారుల ఆజ్ఞ. ఇక్కడ కవర్లు అని రాసి కొట్టేశాను. కనబడితే చెప్పండి, మళ్లీ కొట్టేస్తాను. – మామయ్య

ఫిబ్రవరి 14

నాన్నా,

నువ్వు దెబ్బలాడిందంతా దాటేసి ఎండా, గేటూ మాత్రం పైకి చదివాను, కానీ మామయ్య రాసింది కొట్టేసినా కనబడింది. మామయ్య అక్షరాలు ఒక్కోటీ ఇంతింత. నా పక్కన ఎప్పుడూ పొడుగమ్మాయి కూర్చుంటుంది, ఇక్కడ నాకు దొరికిన మంచి స్నేహితురాలు తనే. నా భుజం మీదుగా చూసి, అందరి ముందూ, "మీది కవర్ల ఫ్యాక్టరీయా?" అని అడిగింది. మేక పొట్టలోంచి ఆ ముద్దను చేత్తో తీసింది ఆ అమ్మాయే. కాదన్నాను. మా మామయ్యకు కాస్త తిక్క, ఏదేదో రాస్తుంటాడన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నాన్నా, నీకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మన ఊరి బడిలో నన్ను ఎవరూ పట్టించుకునేవాళ్లు కారని నీకు తెలుసు కదా. మధ్యాహ్నం ఒక్కదాన్నే తినేదాన్ని. ఇక్కడ నాకోసం చోటు ఉంచి కూర్చుంటున్నారు. అది పోగొట్టుకోలేను. ఒక్క మాట రాయొద్దంటే మీ ఇద్దరికీ అంత కష్టమా? మామయ్యను ఇక ఉత్తరం అడుగున రాయొద్దను. ఇది వేళాకోళం కాదు.

నీ కూతురు

ఫిబ్రవరి 24

అమ్మడూ,

ఈ ఉత్తరం మంట దగ్గర చదవకు. పక్కకు వెళ్లి, కూర్చుని చదువు.

పని గురించి రాయొద్దన్నావు. ఈసారి రాయక తప్పడం లేదు. మంగళవారం మధ్యాహ్నం రోలర్ల మధ్య చుట్టుకుపోయిన కవర్ లాగబోయి, మీ మామయ్య చొక్కా చెయ్యి అందులో పడింది. చొక్కాతో పాటు చెయ్యీ వెళ్లింది. నేను మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తేలోపు మోచెయ్యి దాటిపోయింది. కుడిచెయ్యి. రోలర్లు విప్పి బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ వాడు అరవలేదు. నేనే అరిచాను.

ఆసుపత్రిలో ఉన్నాడు. చెయ్యి నిలబెట్టడానికి చూస్తున్నారు, కానీ ఆ రోలర్లు మామూలు వేడి కాదు, లోపల కండ ఉడికిపోయిందంటున్నారు డాక్టరు గారు. జ్వరం దిగడం లేదు. మెలకువ వచ్చాక, "మేనేజరుకి చెప్పకు బావా, చదువు పాడవుతుంది" అన్నాడు. కాసేపటికి, "చెప్పావా? ఎప్పుడొస్తోంది?" అన్నాడు. రోజంతా ఇదే వరస.

వారం కంటే ఎక్కువ మానేస్తే ఈ చదువు లెక్కలోకి రాదని మీ బడివాళ్లు ముందే చెప్పారు. అందుకని నిన్ను రమ్మని శాసించను. రావాలనిపిస్తే ఆఫీసులో ఒక్క మాట చెప్పు, బస్సు దగ్గర నేనుంటాను. రాలేకపోతే వాడికి నాలుగు ముక్కలు రాయి. తిక్క మామయ్య అన్నావని వాడేమీ మనసులో పెట్టుకోలేదు. ఫ్యాక్టరీలో అందరికీ తనే చెప్పుకుని నవ్వాడు. కొంచెం పెట్టుకున్నాడేమో, నాకు తెలియదు. నువ్వు రాస్తే అదీ పోతుంది.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

నాన్న

మార్చి 4

నాన్నా,

నీ ఉత్తరం అందింది. మీరంతా బాగున్నారని తెలిసి సంతోషంగా ఉంది.

ఇక్కడ దుంపలు తవ్వడం మొదలైంది. నా మడిలో వచ్చినవి మరీ చిన్నవి, కానీ నా చేత్తో వేసి నా చేత్తో తీసినవి, ఉడికించుకుని తింటే ఎంత రుచిగా ఉన్నాయో. ఎవరెంత చెత్త పోగేశామో వారానికోసారి తూస్తారు, ఈ వారం నాది అందరికన్నా తక్కువ. పెద్ద బండ పై దాకా ఎక్కేశాను. కింద పొడుగమ్మాయి తాడు పట్టుకుంది. ఆ అమ్మాయిని నమ్మినంతగా నేను ఎవరినీ నమ్మలేదు అనిపించింది ఆ పైన.

ఆదివారం పెట్టెలో ఉత్తరాలు వేసేవాళ్లు ఇప్పుడు నలుగురైదుగురు అయ్యారు. మొదట్లో జాలిపడ్డాను కదా, ఇప్పుడు ఎవరి కారణాలు వాళ్లకుంటాయి అనిపిస్తోంది.

మామయ్యను అడిగానని చెప్పు.

నీ కూతురు

మార్చి 12

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చింది. ఏమనుకోవాలో తెలియలేదు. పొరపాటున పాత ఉత్తరానికి జవాబు రాశావేమో, నేను రాసింది నీకు చేరలేదేమో అనుకుని ఆఫీసుకు ఫోన్ చేశాను. మేడమ్ ఎత్తారు. ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగారు. ముక్కూ మొహం తెలియని మనిషి నోటి నుంచి నువ్వు ఆ మాట వినడం నాకిష్టం లేకపోయింది. ఏమీ లేదు, నా ఉత్తరం మా అమ్మాయికి చేరిందో లేదో కనుక్కోండి చాలన్నాను. ఆవిడే మళ్లీ ఫోన్ చేసి, "అందిందటండీ, జవాబు కూడా రాసేసిందట" అన్నారు.

అయితే చదివావన్నమాట. చదివి దుంపల గురించి రాశావు.

పదో తారీఖున చెయ్యి తీసేశారు. భుజం కింద నాలుగు వేళ్లంత మిగిలింది. తీసేసినా విషం ఒంట్లోకి పాకిందంటున్నారు. చెయ్యి గురించి వాడు పైకి ఏమీ అనడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. ఫ్యాక్టరీ మూసేశాను. ఆ మెషీన్ వైపు చూడలేకపోతున్నాను, అందులో నీ ఇష్టం నెరవేరిందనుకో.

ఇలా రాయకూడదు. రాసేశాను. కొట్టేయను.

రా అమ్మడూ. ఆ చదువు పోతే పోయింది, వచ్చే ఏడు మళ్లీ పంపిస్తాను. నా కోసం కాదు, వాడి కోసం రా. నిన్ను బతిమాలుకుంటున్నాను.

నాన్న

మార్చి 21

నాన్నా,

నీ ఉత్తరం అందింది, థాంక్స్. ఆఫీసు మేడమ్ నన్ను పిలిచి, మీ నాన్న ఉత్తరం అందిందా అని అడిగారు. అందిందన్నాను. ఎందుకంత కంగారు నాన్నా? నేను బాగానే ఉన్నాను.

ఈ వారం మాకు ఒంటరి రోజులు. ఒక్కొక్కరినీ అడవిలో ఒక్కోచోట వదిలేసి వస్తారు. మూడు రోజులు మనిషి మొహం కనబడదు. ఒక దుప్పటి, ఒక టార్పాలిన్, నీళ్లు, కాస్త రొట్టె. మొదటి రోజు పాటలు పాడుకున్నాను. రెండో రోజు వాన పడింది. టార్పాలిన్ కింద ముడుచుకుని కూర్చుంటే, అది ప్లాస్టిక్కే కదా అని నువ్వన్నది గుర్తొచ్చి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మూడో రోజంతా మామయ్యే గుర్తొచ్చాడు. అమ్మ పోయిన కొత్తలో నా తల దువ్వుతూ, చిక్కు తగిలినప్పుడల్లా నాకంటే ముందు తనే "అబ్బా" అనేవాడు. అలాంటి మనిషిని నేను తిక్కవాడన్నాను. ఇది ఉత్తరంలో రాస్తే తేలిపోతుంది. మేలో వచ్చాక ఎదురుగా కూర్చుని చెప్తాను. అప్పటిదాకా నువ్వేమీ చెప్పకు. నీతో కూడా చాలా మాట్లాడాలి. నువ్వన్నవాటిలో కొన్ని నిజమే.

నీ కూతురు

మార్చి 30

మీ మామయ్య నిన్న మధ్యాహ్నం పోయాడు. ఇవాళ అన్నీ అయిపోయాయి. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లంతా వచ్చారు. పాలవాడు, ఎదురింటి వాళ్లు కూడా వచ్చారు.

నీ ఉత్తరం కూడా ఇవాళే వచ్చింది. ఇల్లు చేరాక విప్పాను. మేలో వచ్చి చెప్తావట. నా ఉత్తరం అందాక కూడా మేలో అని ఎలా రాయగలిగావో నాకు అంతుపట్టడం లేదు. ఆలోచించే ఓపిక కూడా లేదు. చివర్లో ఏమన్నాడని నువ్వు అడగవు కాబట్టి నేను రాయను.

ఇక నా దగ్గర నుంచి ఉత్తరాలు రావు.

ఏప్రిల్ 27

నాన్నా,

వరసగా మూడు ఆదివారాలు పాలబండిలో నాకేమీ రాలేదు. అందరూ చదువుతుంటే నేను కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను. పొడుగమ్మాయి వాళ్లమ్మ రాసిందాంట్లోంచి సగం నన్ను చదవమని ఇచ్చింది.

నా మీద కోపం వచ్చిందని తెలుసు. ఫిబ్రవరిలో నేను అలా రాయకుండా ఉండాల్సింది. నీకు ఇష్టమొచ్చింది రాసుకో, కవర్ల గురించే నాలుగు పేజీలు రాయి, నేను మంట దగ్గర పైకి చదువుతాను. నిన్న పొడుగమ్మాయికి నిజం చెప్పేశాను. దానికి అది, "మా నాన్న ఏం చేస్తాడో నీకు చెబితే నువ్వు కళ్లు తిరిగి పడిపోతావు" అంది. అంతే నాన్నా. దీనికా నేను ఇన్నాళ్లూ భయపడ్డాను!

మామయ్యనైనా రెండు ముక్కలు రాయమను. ఎంత పెద్ద అక్షరాలైనా ఫర్వాలేదు.

నీ కూతురు

మే 9

నాన్నా,

ఇవాళ పొద్దున పెట్టె తెరిచి ఎవరివి వాళ్లకిచ్చారు. నావి మూడు. ఫిబ్రవరి 24 నుంచి నువ్వు రాసినవన్నీ. ఒక్కటీ విప్పలేదు నాన్నా. వచ్చినవి వచ్చినట్టే పెట్టెలో వేశాను. మళ్లీ ఎక్కడ కవర్ల మాట వస్తుందో, పక్కవాళ్లు చూస్తారో అని. చదివినట్టే నీకు జవాబులు రాశాను. ఎండ, గేటు, జలుబు, ఇంతకంటే ఏముంటుందిలే అనుకున్నాను. నువ్వే అన్నావు కదా, ఇక అవే రాస్తానని.

మొదటిదాంట్లో మొదటి ముక్క, మంట దగ్గర చదవకు అని. చదవలేదు నాన్నా. నీ మాట విన్నాను చూడు.

ఆఫీసు మేడమ్ అడిగినప్పుడు మేకలకు నీళ్లు పెడుతున్నాను. అందిందన్నాను. అది అబద్ధం కాదని కూడా అనుకున్నాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడిగి ఉంటే, నువ్వు ఒక్క ముక్క చెప్పి ఉంటే, అని ఇవాళ పొద్దుటి నుంచి ప్రతివాళ్ల మీదా కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను. తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోంది.

ఫోన్ అడిగితే వెంటనే ఇచ్చారు. నువ్వు ఎత్తావు. "హలో, హలో" అన్నావు. నీ గొంతు మారిపోయింది. నేను పెట్టేశాను. ఇవాళే బయల్దేరి వెళ్లమని కొండ మాస్టారు సంచి కూడా సర్దించారు. నేనే వెళ్లనన్నాను. నువ్వు రమ్మంటేనే వస్తాను. వద్దంటే ఎక్కడికి వెళ్లాలో తెలియదు, అయినా నీ ఇష్టం.

ఒక్కటి మాత్రం చెప్పు. నేను రాసిన ఆ ఉత్తరం, బాగున్నారని తెలిసి సంతోషం అని రాసింది, మామయ్యకు చూపించావా? చూపించలేదని చెప్పు నాన్నా. నీకు దండం పెడతాను.

మే 13

అమ్మడూ,

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ముందు ఇంటికి రా. ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరు. రోజూ సాయంత్రం బస్సుకి వచ్చి నిలబడతాను, నువ్వు ఏ రోజు దిగినా అక్కడే ఉంటాను. రావద్దని నీతో నేనెప్పుడూ అనను.

నీ మీద కోపం లేదని రాయాలని ఉంది. రాయలేను. నువ్వు చదివి కూడా రాలేదనుకుని ఇన్నాళ్లు నిన్ను మనసులో తిట్టుకుంటూ బతికాను. అదొక అలవాటు అయిపోయింది. ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం కూడా విప్పకుండా పక్కన పడేశాను. ఇప్పుడు నువ్వు అలాంటిదానివి కాదని తెలిసింది. తెలిసినంత మాత్రాన లోపల గట్టిపడిపోయింది ఒక్కరోజులో కరగడం లేదు. నా మీద నాకూ కోపం ఉంది. ఫోన్‌లో ఆవిడకు ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయిన నా బిగువు సంగతి నాకు తెలుసు. మనం ఇద్దరం ఒక ఇంట్లో ఉండి, ఇది మెల్లగా మోయాల్సిందే. ఎంతకాలమో చెప్పలేను.

ఫ్యాక్టరీ మళ్లీ తెరిచాను. పనివాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగాలి. రెండో మెషీన్ దగ్గరికి మాత్రం నేను వెళ్లడం లేదు.

నువ్వు అడిగినదానికి, చూపించలేదని రాసి రెండు కాగితాలు చించేశాను. మన మధ్య ఇప్పటికే చాలా ఉత్తరాలు చదవకుండా పోయాయి, చదివింది కూడా అబద్ధమైతే ఇక ఏమీ మిగలదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

ఆ రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఎదురింటావిడ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. వాడు మెలకువగానే ఉన్నాడు. పైన నీ చేతిరాత చూడగానే లేచి కూర్చోబోయాడు. "పైకి చదువు బావా" అన్నాడు. ముందు నేను చూసుకోవాల్సింది. ఆత్రంలో విప్పి చదివేశాను. మీరంతా బాగున్నారని తెలిసి సంతోషంగా ఉంది అన్న మాట నాకు అర్థమయ్యేలోపే నా నోట్లోంచి వచ్చేసింది. అక్కడ ఆపితే వాడు ఇంకేదో ఊహించుకుంటాడని చివరిదాకా చదివాను. దుంపలు కూడా చదివాను.

వాడు ఎడమచెయ్యి చాచి కాగితం అడిగాడు. తన గురించి ఎక్కడ రాశావో చూపించమన్నాడు. మామయ్యను అడిగానని చెప్పు అన్నచోట నేను వేలు పెట్టి చూపించాను. చాలాసేపు అదే చూశాడు. "చిన్నపిల్ల బావా" అని కాగితం నాకిచ్చేశాడు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు మాట్లాడాడు. మెషీన్ బాగుచేయించావా అని అడిగాడు. ఎదురింటి గేటుకి నూనె పెట్టారా అని అడిగాడు. నీ గురించి మళ్లీ అడగలేదు.

నాన్న